కదలని కుందేళ్లు

మా పెండ్లిమర్రి మెట్టల్లో ఉండి మెదడు మందుల చరిత్ర చదువుతుంటే నన్ను పట్టి ఆపేది ఒక వేరు, పాతాళగంధి. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దీన్ని పిచ్చికీ రక్తపోటుకూ మందని రాశారు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీవాళ్లు అందులోంచి రెసర్పిన్‌ను వేరుచేశారు.

స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్త ఆ రెసర్పిన్‌నే కుందేళ్లకిచ్చాడు. అవి మొద్దుబారి కదలకుండా పడిపోయాయి. మెదడులో డోపమైన్‌గా మారే ఎల్-డోపా సూదేస్తే మళ్లీ లేచాయి! 1957 నాటి సంగతి ఇది. డోపమైన్ మరో రసాయనానికి ముడిసరుకు మాత్రమే కాదు, తానే మెదడులో కబురు మోస్తుందని అతను వాదించాడు. 1960లో లండన్‌లో జరిగిన శాస్త్రవేత్తల సభలో పెద్దలు పెదవి విరిచారు. నోబెల్ వచ్చేసరికి 2000 సంవత్సరం, అతనికి 77 ఏళ్లు. మన వేరుకు మాత్రం ఆ కథలో ఒక వాక్యం దక్కితే గొప్ప. నాకు అదో కినుక.

కదలకపోవడాన్నే కొలతగా తీసుకున్న ప్రయోగం ఇంకోటుంది. 1977లో పోర్సోల్ట్ అనే పరిశోధకుడి బృందం ఎలుకలను నీళ్ల జాడీలో వదిలింది. కాసేపు కొట్టుకుని, తర్వాత ఊరకే తేలాయి. కుంగుబాటు మందు పడితే ఎక్కువసేపు ఈదాయి. అప్పట్నుంచి ఎన్నో మందులకు ఇదే జల్లెడ. కానీ తేలడం నిరాశేనా? దారి లేదని గ్రహించి ఓపిక దాచుకోవడం కాదా? ఇది నా పైత్యం కాదు, శాస్త్రవేత్తలూ అడుగుతున్నారు. వాన రాని ఏడు అరుగు మీద ఉలకక పలకక కూర్చున్న సేద్యగాణ్ణి చూసి, కుంగిపోయాడని నేనైతే తేల్చి చెప్పలేను.