నేను తప్పుగా చెప్పిన ఒక రహదారి కథ



ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తొమ్మిదవ తరగతి పిల్లలకు వ్యాసరచన నేర్పేటప్పుడు 'రహదారులు' అన్న అంశం ఇచ్చి, ఒక వాక్యం నేనే నల్లబల్ల మీద వ్రాసేవాణ్ణి: "హిట్లరు ఎంతటి క్రూరుడైనా జర్మనీకి గొప్ప రహదారులను ప్రసాదించాడు." విరోధాభాసకు లక్ష్యంగా ఉందని ఆ వాక్యమంటే నాకు ముచ్చట. అందులోని నిజమెంతో ఏనాడూ విచారించలేదు.

ఆ మధ్య హాంబుర్గులో ఇంజనీరుగా ఉన్న పూర్వ విద్యార్థి ఒకడు ఫోను చేసి, "మాస్టారూ, మీరు చెప్పిన హిట్లరు రోడ్డు మీదే రోజూ ఆఫీసుకు వెళుతున్నానండీ" అన్నాడు. ఏ రోడ్డు నాయనా అంటే ఏ-7 అన్నాడు. కుతూహలం కొద్దీ దాని చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ నా వాక్యం కాళ్లు విరిగిపోయాయి.

జర్మనులు ఆటోబాన్ అని పిలుచుకునే మార్గాలలో ఏ-7 అన్నిటికంటె పొడవైనది. సుమారు 960 కిలోమీటర్లు. ఉత్తరాన ఫ్లెన్స్‌బుర్గు దగ్గర డెన్మార్కు సరిహద్దున మొదలై, హాంబుర్గు, హానోవరు, కాసెల్, వూర్ట్స్‌బుర్గు, ఉల్మ్ నగరాల మీదుగా సాగి, ఆల్ప్స్ పర్వతాల పాదాన ఫ్యూసెన్ వద్ద ఆస్ట్రియా సరిహద్దును చేరుతుంది.

ఇందులో హాంబుర్గు నుండి కాసెల్ దాకా గల దారి హిట్లరు ఊహ కాదు. ఉత్తరాది రేవుపట్టణాలను ఫ్రాంక్‌ఫర్టు మీదుగా స్విట్జర్లాండులోని బాసెల్‌తో కలపాలని 1926లోనే ఒక సంఘం ఏర్పడి ప్రణాళికలు గీసింది. కొలోన్, బాన్ నగరాల మధ్య మోటారు వాహనాలకే ప్రత్యేకించిన మార్గాన్ని 1932 ఆగస్టు 6న నాటి కొలోన్ మేయరు కొన్రాడ్ అడెనావర్ ప్రారంభించాడు. హిట్లరు గద్దెనెక్కినది 1933 జనవరిలో. సిద్ధంగా ఉన్న ఆలోచనను అందుకొని, పారతో మట్టి ఎత్తుతూ ఫొటోలు దిగి, అంతా తన ప్రతిభగా చాటుకున్నాడు.

ఆ రోడ్లవల్లనే నిరుద్యోగం తీరిందన్న మాటా అంతే. 1933 మొదట్లో అక్కడి నిరుద్యోగులు 60 లక్షలు. రోడ్డు పనులలో నేరుగా ఉన్నవారు, ఎక్కువమంది పనిచేసిన 1936లో సైతం, సుమారు 1,25,000. యుద్ధం వచ్చాక యూదులనూ ఖైదీలనూ బలవంతంగా ఈ పనులకు దింపారు. నేను వ్రాయించిన వాక్యంలో ఆ మనుషులకు చోటు లేకపోయింది.

ఫుల్డా, వూర్ట్స్‌బుర్గుల నడుమ 1937లో మొదలుపెట్టిన మార్గం 1939లో యుద్ధంతో ఆగిపోయింది. 1960లలో ఏ-7ను వేరే దారిన తీసుకుపోయారు. ఆ పాత పని తాలూకు వంతెనలు, రోడ్డన్నది లేకుండానే, నేటికీ అడవిలో నిలిచి ఉన్నాయి. హాంబుర్గులో ఎల్బె నది కింద సొరంగం 1975లో తెరిచారు. నాలుగవ గొట్టం 2002లో వచ్చింది. దక్షిణపు కొసన మిగిలిన ముక్క పూర్తయినది 2009లో. అంటే మా శిష్యుడు రోజూ దాటే సొరంగానికీ హిట్లరుకూ ఏ సంబంధమూ లేదు.

ఆ రోడ్డు పని నేటికీ ముగియలేదు. కీల్ కాలువ మీద 1972 నాటి ఎత్తైన వంతెనలో 2013లో లోపాలు బయటపడి బరువు లారీలను కొంతకాలం ఆపవలసి వచ్చింది. దాని స్థానంలో కొత్తది కట్టే పని చేపట్టారు. హాంబుర్గులో రోడ్డును వెడల్పు చేస్తూ, మోత ఇళ్లలోకి రాకుండా పైకప్పు వేసి, ఆ కప్పు మీద తోటలు పెంచే పథకం ఉంది. ష్నెల్సెన్, స్టెల్లింగెన్ పేటలలో ఆ సొరంగాలు పూర్తయ్యాయి. తరువాతిది ఆల్టోనా వంతు. సొరంగానికి దక్షిణాన సుమారు నాలుగు కిలోమీటర్ల వంతెనమార్గాన్ని ఎనిమిది వరుసలకు విస్తరించే పని చేపట్టారు.

ఇదంతా శిష్యునికి ఫోనులో చెప్పి, ఆ వాక్యం తప్పు నాయనా, మరచిపో అన్నాను. వాడు నవ్వి, "ఆ వాక్యం వ్రాసినందుకే గదండీ మీరు నాకు పదికి తొమ్మిది వేశారు!" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఏటా నలభైమంది చొప్పున ఎందరు వ్రాసుకున్నారో! వారిలో ఎవరి కంటనైనా ఇది పడితే, ఆ ఒక్క వాక్యం కొట్టివేసుకోవలసిందిగా మనవి. మార్కులు మాత్రం వారివే.