తొమ్మిది మిస్డ్ కాల్స్



పోయిన రంజాన్‌లో ఒక రాత్రి జరిగిన సంగతి ఇది. రాద్దామనుకున్నప్పుడల్లా షర్మ్ అడ్డొచ్చింది.

నా నౌకరీ సర్వర్లకు కాపలా కాయడం. తాడేపల్లిగూడెంలో ఇంట్లో కూర్చునే చేస్తా. ఎక్కడో డేటా సెంటర్‌లో ఒక పెద్ద యంత్రాన్ని వాటాలుగా పంచి, ఒక్కో వాటాని ఒక్కో సర్వర్‌లా నడుపుతారు. వాటినే వర్చువల్ సర్వర్లు అంటారు. అలాంటివి నలభై దాకా నా జిమ్మేదారీ. సీపీయూ, మెమరీ, డిస్క్ ఏది ఎనభై శాతం దాటినా ఫోన్ మోగేలా అలర్ట్‌లు పెట్టుకున్నా. ఎనభయ్యే ఎందుకంటే జవాబు లేదు. అందరూ అదే పెడతారు, నేనూ పెట్టా.

రోజూ రాత్రి రెండింటికి బ్యాకప్ నడుస్తుంది. సీపీయూ తొంభై దాటుతుంది, ఫోన్ అరుస్తుంది. ఇరవై నిమిషాల్లో బ్యాకప్ ముగుస్తుంది, అంతా మామూలే. 'ఈ ఫోన్‌కి జిన్ పట్టిందా ఏంటండీ' అని మా ఆవిడ విసుక్కునేది. నెల తిరక్కుండా రాత్రిళ్లు ఫోన్ సైలెంట్‌లో పెట్టడం ఆదత్ అయిపోయింది.

ఆ రాత్రి తరావీహ్ నుంచి వచ్చి పడుకున్నా. సహరీకి లేచి చూస్తే పదిహేడు అలర్ట్‌లు, వాటి మధ్యలో ఏలూరు నుంచి అమ్మీవి తొమ్మిది మిస్డ్ కాల్స్.

అబ్బా ఇఫ్తార్‌లో సరిగా తినకుండానే షుగర్ మాత్ర వేసుకున్నారట. ఒంటిగంటన్నరకి ఒళ్లంతా చెమటలు, మాట తడబాటు. మీటర్‌లో 48. అమ్మీ నాకు చేసి చేసి, చివరికి పక్కింటివాళ్ల తలుపు కొట్టింది. వాళ్లే పంచదార నీళ్లు తాగించి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. అల్హందులిల్లాహ్, నేను ఏలూరు చేరేసరికి లేచి కూర్చుని ఉన్నారు. నన్నేమీ అనలేదు. అమ్మీ మాత్రం ఒక్క మాట అంది: 'నీ మెషీన్లు మోగితే లేస్తావు కదా బేటా, నేను మోగితే లేవలేదే?' మెషీన్లు మోగినా లేవడంలేదని ఎలా చెప్పను?

డాక్టర్ అబ్బాకి రెండే అంకెలు రాసిచ్చాడు. రోజాలో షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా వెంటనే రోజా విడిచేయాలి. 'మగ్రిబ్‌కి పావుగంటే ఉంది కదా' లాంటి బేరాలు కుదరవు. అబ్బా బేరాల మనిషి, అందుకే డాక్టర్ రెండుసార్లు చెప్పించుకున్నాడు.

అబ్బాని చూడటానికి కైకలూరు దగ్గర్నుంచి మామూ వచ్చాడు. మామూకి కొల్లేరు అంచున చేపల చెరువు ఉంది (అయిదో కాంటూరుకి బయటే లెండి, 2006లో గట్లు తెగినవాటిలో లేదు). పగలు నీళ్లలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రయితే అదే నాచు చేపలతో పాటు ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే ఫజర్‌కి ముందే చెరువుకి ఖతరా, మబ్బు పట్టిన రోజు మరునాడు మరీను. 'మరి కాపలా కుర్రాడు నిన్ను రోజూ లేపుతాడా మామూ?' అని అడిగా. నవ్వాడు. 'చేపలు పైకొస్తే వాడే ఏరేటర్లు వేస్తాడు, నన్నెందుకు లేపడం? గట్టు మీద చప్పుడు చేసినా కిందకి దిగకుండా నోళ్లు తెరుచుకుని ఉంటే, అప్పుడు లేపుతాడు.'

ఆలోచిస్తే గోదావరికీ అంతే. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. ఏ హెచ్చరిక వస్తే ఏం సర్దుకోవాలో లంకల్లో ఉండేవాళ్లకి ఎరుకే. నా ఎనభై శాతం వస్తే నేనేం చేయాలి? ఏమీ లేదు, ఫోన్ ఆపి పడుకోవడమే.

ఇంటికొచ్చి ఒక్కో అలర్ట్‌నీ అదే సవాల్ అడిగా: నువ్వొస్తే నేను లేచి ఏం చేయాలి? జవాబు లేనివన్నీ పొద్దున చూసుకునే జాబితాలోకి పోయాయి. సీపీయూ ఎంత పెరిగినా, వాడేవాళ్లకి సైట్ తెరుచుకుంటుంటే నన్ను లేపదు. వరసగా అయిదు నిమిషాలు తెరుచుకోకపోతే లేపుతుంది. డిస్క్ ఎంత శాతం నిండిందని కాదు, ఇదే వేగంతో నాలుగు గంటల్లో నిండిపోతుందా అని చూస్తుంది. ఈ తవ్వకంలోనే ఇంకో గఫ్లత్ బయటపడింది. మెమరీ, డిస్క్ లెక్కలు క్లౌడ్ తనంతట తాను చెప్పదు, సర్వర్ లోపల ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రామ్ పంపాలి. రెండు సర్వర్లలో అది ఆగిపోయి వారమైంది. ఖబర్ లేదు కాబట్టి ఖైరియత్ అనుకున్నా! ఇప్పుడు లెక్క రావడం ఆగినా అలర్ట్ వస్తుంది.

నెలంతా కలిపి రాత్రి పూట నాలుగుసార్లు మోగింది. నాలుగుసార్లూ లేచా, నాలుగుసార్లూ పని ఉంది. అమ్మీ నంబర్‌ సైలెంట్‌లో కూడా మోగేలా పెట్టా.

మొన్న రాత్రి పన్నెండున్నరకి మోగింది. గుండె గొంతులోకొచ్చింది. 'ఏమైందమ్మీ?'

'ఏం కాలేదు. అబ్బా పడుకున్నారు. నువ్వు ఎత్తుతావో లేదో చూద్దామని చేశా, పడుకో' అని పెట్టేసింది.