ఒక చెవికి మాట, ఒక చెవికి గొంతు

నేను గిరణిలో సాంచెల ఖాతాలో చేరింది 1981లో. అప్పుడు నాకు 19 ఏండ్లు. మొదటి రోజు పాళి దిగి గేటు బయటికి వచ్చాక కూడా చెవుల్లో కీచురాయి అరిచినట్టు ఒకటే మోత. రాత్రి పడుకున్నా ఆగలేదు. మా నాయిన కూడా అదే గిరణిలో ఉండేవాడు. ఆయనకు చెప్తే, "పది దినాలైతే అలవాటైతది బిడ్డా" అన్నాడు. ఆయన అన్నట్టే అలవాటైంది. అది అలవాటు కాదు, చెవి పోవడం మొదలైందని తెలియడానికి నాకు ముప్పై ఏండ్లు పట్టింది.

సోలాపూర్‌లో సాంచెల మధ్య పెరిగినవాళ్ళకు ఈ మోత సంగతి చెప్పనక్కర్లేదు. పక్కన నిలబడ్డ మనిషి అరిచినా వినబడదు. అందుకే ఖాతాలో మాకు వేరే భాష ఉండేది. పెదాలు చూసి మాట పట్టుకునేవాళ్ళం. రెండు వేళ్ళు చూపిస్తే కండెలు అయిపోయాయని, చెయ్యి గుండ్రంగా తిప్పితే జాబర్‌ను పిలవమని, బొటనవేలు నోటి దగ్గర పెడితే చాయ్‌కి పోదామని. ఆ విద్యే నా చెవుడును చాలా ఏండ్లు దాచిపెట్టింది. ఎదుటి మనిషి మొహం కనబడితే చాలు, నాకు సగం మాట తెలిసిపోయేది. వినబడుతున్నదనే అనుకునేవాణ్ణి.

గిరణి మూతపడ్డాక నాలుగు పాత సాంచెలు కొని ఇంటి వెనక రేకుల షెడ్డులో టవల్ నేతకు దిగాం. గిరణిలో పాళి అయిపోతే మోత కూడా అయిపోయేది. ఇక్కడ కరెంటు ఉన్నంతసేపూ మోతే. అన్నం తింటున్నా అదే, పడుకున్నా అదే.

చెవుడు అంటే చప్పుడు వినబడకపోవడం అనుకుంటాం. నాకు చప్పుడు వినబడేది, మాట తెలిసేది కాదు. సాంచెల మోత చెవిలో ముందు సన్నటి శబ్దాలు వినే భాగాన్ని తినేస్తుంది. స, త, ప, క లాంటి హల్లుల్లో చాలా భాగం ఆ సన్నటి శబ్దమే. అందుకని "పాలు" అన్నా "తాలు" అన్నా "కాలు" అన్నా నాకు "ఆలు" అనే వినబడేది. మా ఆవిడ వాకిట్లో బీడీలు చుడుతూ ఏదో అనేది. నేను "ఊ" అనేవాణ్ణి. ఏమన్నదో తెలియదు. పెండ్లిళ్ళలో అందరూ నవ్వితే నేనూ నవ్వేవాణ్ణి. మెల్లగా పెండ్లిళ్ళకు పోవడమే మానేశాను.

ఒకసారి బజారులో ఒక దుకాణంలో 14 వేలు పెట్టి చెవి మిషను కొన్నాను. పరీక్ష సరిగ్గా చేయలేదు. పెట్టి పంపించారు. కంచంలో చెంచా పడితే తల మీద సుత్తి పడ్డట్టుండేది, మాట మాత్రం అప్పటిలాగే ముద్దగా ఉండేది. కొంచెం తల వంచితే ఈల వేసేది. నెల తిరక్కుండా అది అటక మీది డబ్బాలోకి పోయింది. మన పేటల్లో ఇట్లాంటి డబ్బాలు ఎన్ని ఇండ్లల్లో ఉన్నాయో!

ఇక ఆ రాత్రి సంగతి. 2018 వానాకాలం. కొడుకూ కోడలూ పెండ్లికని కరీంనగర్ వెళ్ళారు. నడి రాత్రి మా ఆవిడ బాత్రూముకు లేచి తడి బండ మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. లేవలేక నన్ను పిలిచింది. నేను నాలుగు గజాల దూరంలో పడుకుని ఉన్నాను. ఎంతసేపు పిలిచిందో ఆమెకే తెలియదు. చివరికి గోడ అవతలి వదిన విని, వాళ్ళాయన్ను తీసుకొని వచ్చి, తలుపు కొట్టి కొట్టి, కిటికీలోంచి కట్టెతో పొడిచి నన్ను లేపారు.

ఆమె నన్ను తిట్టలేదు. దవాఖానలో పడుకుని, "పిల్చిన గని, నీకు ఇనవడలే" అన్నది. తిట్టినా బాగుండేది.

ఆమె నడక మొదలుపెట్టాక సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముంబై వెళ్ళాం. బాంద్రా రెక్లమేషన్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ఉంది. 1983లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, చెవుల పరీక్షకూ మాట నేర్పడానికీ. ఆ పేరు గల పెద్దమనిషి మన హైదరాబాద్ ఆయనే. ఉస్మానియాలో వైస్ ఛాన్సలర్‌గా చేసి, ఆ తర్వాత మహారాష్ట్రకు గవర్నర్ అయ్యాడు. అక్కడ గాజు గదిలో కూర్చోబెట్టి చాలాసేపు పరీక్ష చేశారు. కుడి చెవి చిన్నప్పుడు చీము కారిన చెవి. దాని మీద ఇన్నేండ్ల మోత పడింది. అందులో ఏమీ మిగల్లేదు, ఎంత మంచి మిషను పెట్టినా లాభం లేదన్నారు. ఎడమ చెవిలో బొంగురు శబ్దాలు కొన్ని మిగిలాయి, సన్నటివి పోయాయి. "కుడి చెవికి కాక్లియర్ ఇంప్లాంట్, ఎడమ చెవికి మంచి హియరింగ్ ఎయిడ్, రెండూ కలిపి వాడాలి" అన్నారు.

ఒక మనిషికి రెండు రకాల మిషన్లు ఎందుకని నాకు అర్థం కాలేదు. ఆడియాలజిస్ట్ అమ్మాయి బొమ్మ గీసి ఓపికగా చెప్పింది. నేను దాన్ని మన పని భాషలో పెట్టుకున్నాను. లోపలి చెవిలో సుమారు 15 వేల సన్నటి కణాలుంటాయి. అవి పడుగు పోగుల లాంటివి. మోతకు తెగిపోతాయి, మనిషికి అవి మళ్ళీ మొలవవు. హియరింగ్ ఎయిడ్ శబ్దాన్ని పెద్దది చేస్తుంది. పోగులు కొన్ని మిగిలి ఉంటే పని చేస్తుంది. అసలు పోగులే లేకపోతే మోటారు ఎంత జోరుగా తిప్పినా గుడ్డ రాదు. ఇంప్లాంట్ ఆ తెగిన పోగుల జోలికి పోదు. ఆపరేషన్ చేసి సన్నటి తీగను లోపలి చెవిలోకి పంపిస్తారు. నాకు పెట్టినదాని మీద 22 చుక్కలుంటాయి. అవి కరెంటుతో నేరుగా చెవి నరాన్ని తాకుతాయి. 15 వేల పోగుల చోట 22 పోగులు. గుడ్డ వస్తుంది కానీ ముతకది. హల్లులు తెలుస్తాయి, మాట తెలుస్తుంది. గొంతులోని నిండుదనం, పాటలోని రాగం సరిగ్గా రావు. ఆ లోటును ఎడమ చెవిలో మిగిలిన బొంగురు శబ్దం పూడుస్తుంది. అందుకని రెండూ కావాలి.

ఖర్చు దగ్గర దగ్గర 7 లక్షలు. 2014 నుంచి కేంద్రం ఆడిప్ పథకం కింద చిన్న పిల్లలకు ఇంప్లాంట్ ఇస్తున్నది. నా వయసువాడికి అందులో చోటు లేదు. గిరణితోపాటే ఇ.ఎస్.ఐ. కూడా పోయింది. ఊళ్ళో మా వాటా ఇంటి జాగా అమ్మాలి, నాలుగు సాంచెల్లో రెండు అమ్మాలి. నేను వద్దన్నాను. చిన్నోడు మొహం మీదే అడిగాడు, "రెండు సాంచెలు అమ్మితే నేనేం నెయ్యాలె నాయినా?" వాడిది తప్పు కాదు. వాడికీ ఇద్దరు పిల్లలు.

మా ఆవిడ అప్పటిదాకా మాట్లాడలేదు. లోపలికి పోయి పాస్‌బుక్ తెచ్చి చాప మీద పెట్టింది. ముప్పై ఏండ్లు బీడీలు చుట్టి దాచిన పి.ఎఫ్. పైసలు. "ఒక్క సాంచె అమ్ముండ్రి. తక్కువ పడ్డది దీంట్లకెంచి తియ్యుండ్రి. నేను పిలిస్తె ఈయనకు ఇనవడాలె, గంతే" అన్నది. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

2019లో పుణేలో ఆపరేషన్ అయింది. రెండు మూడు గంటల పని. చెవి వెనక చిన్న కోత. మూడు వారాలకు పైన పెట్టే మిషను ఇచ్చి ఆన్ చేశారు. ఇంటిల్లిపాదీ వచ్చారు. మా ఆవిడ ముందుకు వంగి ఏదో అన్నది. నాకు వినబడింది ఆమె గొంతు కాదు. రేకు డబ్బాలో తేనెటీగలు తిరుగుతున్నట్టు, చెడిపోయిన టేపు తిరిగినట్టు కిరకిరలాడింది. అందరూ నా మొహం చూస్తున్నారు. నేను నవ్వాను. రైల్లో కిటికీ వైపు తిరిగి కూర్చొని, ఒక సాంచె, ఊళ్ళో జాగా, ఆమె బీడీల పైసలు అన్నీ నీళ్ళల్లో పోశానని అనుకున్నాను.

ఈ సంగతి ముందే తెలుసుకొని ఉంటే బాగుండేది. ఇంప్లాంట్ ఆన్ చేసిన రోజు చెవి వచ్చిన రోజు కాదు. ఆ రోజు నుంచి మెదడు కొత్త భాష నేర్చుకోవాలి. రోజూ గంటసేపు ఎడమ చెవి మిషను తీసేసి ఒక్క ఇంప్లాంట్‌తోనే వినమన్నారు, లేకపోతే మెదడు పాత చెవి మీదే ఆధారపడుతుందట. మా మనవరాలు అప్పుడు మూడో తరగతి. అది నాకు టీచరమ్మ అయింది. నోటికి నోటుబుక్ అడ్డం పెట్టుకొని "పాలు", "తాలు", "కాలు" అని అడిగేది. తప్పు చెప్తే, "తాతా, మల్ల!" అనేది. మొదటి నెలలో పదికి రెండు. నాలుగో నెలకు పదికి ఏడు. మధ్య మధ్యలో పుణే పోయి మిషను సర్దించుకునేవాళ్ళం. దాన్ని మ్యాపింగ్ అంటారు. ఇంప్లాంట్ ఒక్కటే సర్దితే చాలదు, ఎడమ చెవి మిషను కూడా దానికి జోడుగా సర్దాలి. లేకపోతే ఒకటి ముందు, ఒకటి వెనక, ఒకే మనిషి ఇద్దరై మాట్లాడినట్టు ఉంటుంది.

ఐదో నెలలో అనుకుంటాను, నేను వాకిట్లో నూలు ముడి వేస్తున్నాను. వెనక వంటింట్లోంచి, "చాయ్‌ల చక్కెర ఎయ్యాల్నా?" అని వినబడింది. "జరంత" అన్నాను. అని, ఆగిపోయాను. నేను ఆమె మొహం చూడలేదు. ఆమె కూడా గిన్నె చేతిలో పట్టుకుని గడప దాకా వచ్చి నిలబడింది.

ఆ సాయంత్రం ఒక్కొక్కటి తీసి చూశాను. ఇంప్లాంట్ తీసేస్తే గొంతు ఆమెదే, మాట తెలియదు. ఎడమ చెవి మిషను తీసేస్తే మాట తెలుస్తుంది, ఎవరో పరాయి మనిషి మాట్లాడినట్టుంటుంది. రెండూ పెట్టుకుంటే మా ఆవిడ మాట్లాడుతుంది.

ఇదంతా మాయ అనుకోకండి. మార్కండేయ రథోత్సవంలో డోలు మోతల మధ్య నాకు ఇప్పటికీ మాట తెలియదు. పది మంది ఒక్కసారి మాట్లాడితే అంతే. పిలుపు ఏ వైపు నుంచి వచ్చిందో ఒక్కోసారి అటూ ఇటూ చూడాలి. కానీ 2020లో అందరూ మాస్కులు కట్టుకున్నప్పుడు నాకు దీని విలువ తెలిసింది. పెదాలు మాయమైపోయాయి. పాత చెవులతో ఉంటే ఆ ఏడాది నేను మనుషుల్లో లేనట్టే. మాస్కు తాడు లాగి మిషను రెండు సార్లు కింద పడేసింది, అది వేరే సంగతి. అప్పటి నుంచి దానికి దారం కట్టి చొక్కాకు పిన్ను పెట్టాను.

వాడేవాళ్ళకు నాలుగు ముక్కలు. బ్యాటరీ స్టిక్కర్ తీశాక ఒకటి రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి పెడితే ఎక్కువ రోజులొస్తుంది. వానాకాలంలో రాత్రి మిషన్లను తేమ పీల్చే గుళికల డబ్బాలో పెట్టాలి. ఎప్పుడైనా ఎం.ఆర్.ఐ. అంటే ముందే ఇంప్లాంట్ కార్డు చూపించాలి, లోపల అయస్కాంతం ఉంటుంది. ఆపరేషన్ ఖర్చు ఒక్కసారే అనుకోవద్దు. తీగలు, బ్యాటరీలు, మరమ్మతులు ఉంటాయి, కొంత పైసలు పక్కకు పెట్టుకోవాలి. అందరికీ ఇంప్లాంట్ అక్కర్లేదు. చాలామందికి సరిగ్గా పరీక్ష చేసి అమర్చిన చెవి మిషను చాలు. ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకు ఆడిప్ కింద అది ఉచితంగా దొరుకుతుంది. అటక మీది డబ్బా దించి, ముందు పరీక్షకు వెళ్ళండి.

ఇంకొక మాట సాంచెలు నడిపే పిల్లలకు. 8 గంటల పనికి మోత 90 డెసిబెల్స్ దాటొద్దని కార్ఖానా నియమం. మోతతో వచ్చే చెవుడు చట్టంలో రాసిన రోగాల్లో ఒకటి. కానీ మన ఇండ్ల వెనక షెడ్లకు ఆ చట్టం చాలావరకు రాదు, మన చెవులను మనమే కాపాడుకోవాలి. స్పాంజి బిరడాలు పది ఇరవై రూపాయలకు దొరుకుతాయి. మా చిన్నోడికి మూడేండ్లు చెప్పాను. "సాంచె చప్పుడు ఇనకపోతె పోగు తెగింది ఎట్ల తెలుస్తది?" అనేవాడు. మొన్న షెడ్డులోకి పోయి పిలిస్తే వాడు తిరగలేదు. గుండె జల్లుమంది. దగ్గరికి పోయి చూస్తే చెవుల్లో బిరడాలున్నాయి.

రాత్రి పడుకునేటప్పుడు రెండు మిషన్లూ తీసేస్తాను. అప్పుడు నేను మళ్ళీ ఆ పాత మనిషినే, పిడుగు పడ్డా తెలియదు. ఆ వానాకాలం రాత్రి మళ్ళీ రావద్దని మా ఆవిడ ఒక ఉపాయం చేసింది. పడుకునే ముందు నా చేతికి నూలు తాడు ఒక కొస, తన చేతికి ఇంకో కొస కడుతుంది. తను లేవాలంటే ముందు తాడు గుంజుతుంది, నేను లేచి లైటు వేస్తాను. ఏడు లక్షల మిషన్లు డబ్బాలో పడుకుంటే, రాత్రంతా ఆ రెండు గజాల నూలే మాకు కావలి.