బాలచందర్‌ని హిందీలో చూసినవాళ్ళం

బాలచందర్ తెలుగు సినిమాల గురించి ఎవరు రాసినా విశాఖ బీచి దగ్గర మొదలుపెడతారు. మాకు ఆ అదృష్టం లేదు. ‘మరో చరిత్ర’ కన్నా ముందు నేను చూసింది దాని హిందీ రూపం ‘ఏక్ దూజే కే లియే’. అదీ జంషెడ్‌పూర్ సాక్చీలో, బీహారీ కుర్రాళ్ళ ఈలల మధ్య. మాది ఆ ఊళ్ళోనే సీతారాండేరా. కంపెనీలో పనికని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ‘టాటా’ వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల్లో మాదొకటి. మా గోడకి అటు ఆదివాసీలు, ఇటు బెంగాలీలు, ఎదురింట్లో ఛప్రా వాళ్ళు. గడప లోపల తెలుగు, గడప దాటితే హిందీ.

1981లో ఆ సినిమా వచ్చాక వీధిలో మా పరపతి కాస్త పెరిగింది. అంతవరకూ వింధ్యకి దిగువనున్న వాళ్ళందరినీ ఒకే గాటన కట్టి వేళాకోళం చేసినవాళ్ళు, కమల్ హాసన్ జుట్టు దువ్వుకున్నట్టు దువ్వుకోవడం మొదలెట్టారు. తెర మీద కమల్ వేసిన వాసు హిందీ రాక తిప్పలు పడుతుంటే హాలంతా నవ్వింది. మా నాన్నా నవ్వాడు గానీ, కొత్తలో బజారుకెళ్ళి వేళ్ళు చూపించి కూరగాయలు బేరమాడిన రోజులు ఆయనకి గుర్తొచ్చే ఉంటాయి. వాసు వేదన చెందే పాటకి బాలసుబ్రహ్మణ్యానికి జాతీయ అవార్డు వచ్చింది. దక్షిణాది యాస వినిపిస్తుందని సంగీత దర్శకులు మొదట వెనకాడారనీ, పాత్రే తమిళుడిది కాబట్టి ఆ మాత్రం యాస ఉండాల్సిందేనని బాలచందర్ పట్టుబట్టారనీ చెబుతారు. పక్కవాడి భాష పలకలేకపోవడాన్ని లోపంగా దాచకుండా కథలోకే తెచ్చుకోవడం ఆయన పద్ధతి. ఆయన్ని మేం మావాడనుకున్నది అందుకే.

తంజావూరు జిల్లా నన్నిలం దగ్గర 1930లో పుట్టి, జువాలజీ చదివి, కొన్నాళ్ళు బడిపంతులు చేసి, మద్రాసు అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో గుమాస్తాగా చేరిన మనిషి ఆయన. సాయంత్రాలు నాటకాలు. ఎమ్జీఆర్ ‘దైవత్తాయ్’కి మాటలు రాసి సినిమాల్లోకొచ్చి, 1965లో ‘నీర్కుమిళి’తో దర్శకుడయ్యారు. తెలుగులో ‘భలే కోడళ్ళు’, ‘సత్తెకాలపు సత్తెయ్య’, ‘బొమ్మా బొరుసా’ తీసినప్పుడు ఆయన ఇంకా పొరుగింటి దర్శకుడే. 1976లో ‘అంతులేని కథ’తో ఇంట్లోవాడయ్యారు. ఇంటిల్లిపాదినీ జీతంతో మోసే జయప్రద పాత్ర మా కాలనీ ఆడవాళ్ళకి కొత్తేమీ కాదు. ‘ఇది కథ కాదు’లో చిరంజీవి చేత భార్యని హింసించే మొగుడి వేషం వేయించారు. ఇప్పటి కుర్రాళ్ళకి చెబితే నమ్మరు.

ఇక్కడ ఒకాయన్ని తలుచుకోవాలి. గణేశ్ పాత్రో. ‘మరో చరిత్ర’, ‘గుప్పెడు మనసు’, ‘ఆకలి రాజ్యం’, ‘రుద్రవీణ’లకి మాటలు ఆయనవే. పార్వతీపురం ప్రాంతం మనిషి, బాలచందర్‌లాగే నాటకాల నుంచి వచ్చినవాడు. టాటా నుంచి అప్పట్లో మేం ఊరెళ్ళే అలెప్పీ బండి రూర్కెలా, రాయగడ దాటి దిగేది ఆ పార్వతీపురం మీదుగానే. తమిళ దర్శకుడి తెలుగు సినిమాలో మాటలు మన చెవికి అతకకపోవడం మామూలు. ఈయన సినిమాల్లో ఆ బాధ లేదంటే సగం పుణ్యం పాత్రోది. బాలచందర్ 2014 డిసెంబరు 23న పోతే, రెండు వారాలు తిరక్కుండానే పాత్రో కూడా వెళ్ళిపోయారు.

‘మరో చరిత్ర’ని మేం తర్వాతెప్పుడో కలర్ టీవీ, వీసీఆర్ అద్దెకి తెచ్చుకుని చూశాం. తీరా చూస్తే అది బ్లాక్ అండ్ వైట్! టీవీ అద్దె దండగైందని అమ్మ సణిగింది. కథ మాత్రం అప్పటికే కంఠతా. విశాఖలో తమిళ బాలు, తెలుగు స్వప్న, అడ్డుపడే ఇరుగుపొరుగు ఇళ్ళు, ఏడాది ఎడబాటు షరతు. హిందీకి వెళ్ళేసరికి విశాఖ గోవా అయింది, తెలుగు పిల్ల ఉత్తరాది పిల్ల అయింది. తెలుగు మాటలతోనే ‘మరో చరిత్ర’ మద్రాసు సఫైర్ థియేటర్లో 596 రోజులాడింది. భాష రాని మద్రాసు కుర్రాళ్ళు డబ్బింగు అడగలేదు.

నాకు మింగుడుపడనిది ముగింపు. రెండు భాషల్లోనూ ఆ ఇద్దరినీ చంపేశారు. హిందీలో నాయిక సప్న వాళ్ళమ్మ వాసు ఫొటో కాల్చేస్తే, ఆ బూడిదని సప్న టీలో కలుపుకుని తాగేస్తుంది. అంత మొండిపిల్లని చివర్లో చంపడానికి ఆయనకి చెయ్యెలా వచ్చిందో! మా బస్తీలో తెలుగు-ఒడియా, తెలుగు-బెంగాలీ పెళ్ళిళ్ళు జరిగాయి. గొడవలయ్యాయి, ఏళ్ళ తరబడి మాటలు ఆగాయి, బారసాల నాటికి మళ్ళీ కలిశాయి. ఎవరూ చావలేదు. రెండు భాషల కాపురం ఎలా నడుస్తుందో ఆయన తీసి ఉంటే, అది మా కథయ్యేది. ప్రేక్షకుడు ఏడుస్తూ బయటికి రావాలనే పాత నాటకాల యావ ఆయన్ని చివరిదాకా వదల్లేదని నా అనుమానం.

అందుకే నా ఓటు ‘ఆకలి రాజ్యం’కి. తమిళంలో భారతియార్‌ని తలచుకునే నిరుద్యోగి, తెలుగులో శ్రీశ్రీని తలచుకుంటాడు. ఊరు మాత్రం రెండిట్లోనూ ఢిల్లీయే. పరాయి ఊళ్ళో అద్దె గది, ఖాళీ కుండ. బయట శ్రీదేవి వింటోందని, లోపల కుర్రాళ్ళు వట్టి గిన్నెలు చప్పుడు చేస్తూ కమ్మగా భోంచేస్తున్నట్టు నటిస్తారు. ఊరికి రాసే ఉత్తరాల్లో ‘ఇక్కడ అంతా క్షేమం’ అని రాసిన ప్రతి వలసవాడికీ ఆ గిన్నెల చప్పుడు తెలుసు. చివరికి మంగలి దుకాణంలో, గడ్డం గీయించుకోవడానికొచ్చిన తండ్రికి కొడుకు కత్తి పట్టుకుని ఎదురవుతాడు. ఇందులో జంటని చంపలేదు, పని చేసుకుని బతకనిచ్చారు.

‘రుద్రవీణ’ సంగతి వేరు. 1988లో ఇది ముందు తెలుగులో తీసి, తర్వాత కమల్‌తో తమిళానికి తీసుకెళ్ళారు. జాతీయ సమైక్యతా చిత్రంగా నర్గీస్ దత్ అవార్డు, ఇళయరాజాకీ బాలసుబ్రహ్మణ్యానికీ జాతీయ అవార్డులూ వచ్చాయి, నిర్మాతకి డబ్బులు మాత్రం రాలేదు. సారా మానిపించే హీరో కథ, జీతాల రోజున సాక్చీ సారా కొట్ల ముందు వరస చూసినవాళ్ళకి మరీ ఉపదేశంలా అనిపించదు.

2010కి ఫాల్కే పురస్కారం ఆయన్ని వరించినప్పుడు పేపర్లన్నీ రజనీ, కమల్‌ల గురువని రాశాయి. నిజమే, కాని అది సగమే.

మీ ఊరి తెలుగు సంఘం వాళ్ళు ఈసారి ఉగాదికి సినిమా వేస్తామంటే, కొత్తదేదో కాకుండా ‘ఆకలి రాజ్యం’ వేయమని అడగండి. తెలుగు చదవడం రాని మన పిల్లలకి కూడా అర్థమవుతుంది. వాళ్ళకి తెలిసిన ఉత్తరాది వీధులే అందులోనూ ఉన్నాయి.