పై వరస

మొన్న మా మేనల్లుడు ఫోన్ చేసి, "మామా, శనివారం ఎంజేల గజల్ ప్రోగ్రాం ఉంది, వస్తవా?" అన్నాడు. నాకు ముందు మైకేల్ జాక్సన్ గుర్తొచ్చాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది గదరా అన్నాను. "అది కాదు మామా, ఎంజే మార్కెట్" అన్నాడు. అప్పుడు లేచింది నాకు మంట.

ఎల్బీ నగర్‌ను పొట్టి చేసుకున్నారు, సరే. కేపీహెచ్‌బీ పుట్టడమే పొడి అక్షరాలుగా పుట్టింది, దాన్ని ఏమీ అనలేం. మొజంజాహి మార్కెట్ చేసిన పాపం ఏమిటి? నోరారా పలికితే ఐదారు క్షణాలు పట్టే పేరు. ఆ ఐదారు క్షణాలు మిగిల్చుకుని వీళ్లు చేస్తున్న ఘనకార్యం ఏమైనా ఉందా అంటే, మళ్లీ ఫోన్ చూసుకోవడమే.

నిజం చెప్పొద్దూ, ఆ పేరును తెలుగులో ఎలా రాయాలో ఈ ఊళ్లో ఏ ఇద్దరిదీ ఒక మాట కాదు. మొజంజాహి, మోజంజాహి, మొజాంజాహీ, మొజ్జంజాహి. ఒకే పేపర్లో మొదటి పేజీలో ఒక తీరు, లోపలి పేజీలో ఇంకో తీరు. నేను పని చేసిన ఆఫీసులో దీని మీద ఇద్దరు గుమాస్తాలు వారం రోజులు మాట్లాడుకోలేదు. సిటీ బస్సు కండక్టరుకు మాత్రం ఈ గొడవలేవీ పట్టేవి కావు. హకారాన్ని మింగేసి "మొజంజాయీ, మొజంజాయీ" అని చివర దీర్ఘం తీసేవాడు. నా లెక్కలో అదే ఖరారు.

ఇందులో ఒక విశేషం ఉంది, చెప్పకుండా ఉండలేను. తెలుగులో జ ఒకటే రాస్తాం గానీ పలికేవి రెండు. జీతంలో జ వేరు, జొన్నలో జ వేరు. పాత పుస్తకాల్లో ఈ రెండోదాని నెత్తిన చిన్న గుర్తు పెట్టి వేరు చేసేవారు. ఆ గుర్తు పోయింది, నాలుక మీద తేడా మాత్రం పోలేదు. మొజంజాహిలో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. "మొజం"లోది జొన్న జ, "జాహి"లోది జీతం జ. ఉర్దూ అక్షరం ముక్క రాని మా ఊరి రైతు కూడా ఎవరూ నేర్పకుండానే ఈ రెండింటినీ సరిగ్గా పలికేవాడు. అలాంటి పేరును తీసుకుపోయి ఎంజే చేశారు. ఇంగ్లిషులో దానికి ఉన్నది ఒకటే జే.

ఆ పేరు గల మనిషి ముఅజ్జం జా, ఏడో నిజాం రెండో కొడుకు. 1908 మూసీ వరదలు, వాటి వెనుకే వచ్చిన ప్లేగు చూశాక ఊరిని మళ్లీ దిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. తర్వాతి కాలంలో ఆ బోర్డుకు ఈయన అధ్యక్షుడు. ఇరుకు సందులు కొట్టి రోడ్లు వేశారు, చార్మినార్ దారిలో పత్తర్‌గట్టి రాతి కమానుల వరస కట్టారు. 1935లో ఈ పండ్ల మార్కెట్ వచ్చింది. నాలుగు దారులు కలిసే మూల మీద గడియారం బురుజు, దానికి అటూ ఇటూ విసనకర్ర విప్పినట్టు రెండు రెక్కలు, అంతా నల్లరాయి. ముందు వసారా, వెనక కొట్లు, మధ్యలో ముంగిలి. ఆయన భార్య నీలోఫర్ ఒట్టోమన్ రాజవంశం ఆడపడుచు. 1931లో ఫ్రాన్సులో పెళ్లి. తన పరిచారిక కాన్పులో చనిపోయిందని ఆమె పట్టుబట్టి ఆడవాళ్లకూ పిల్లలకూ ఆస్పత్రి కట్టించింది, 1953 నుంచి అది నీలోఫర్ ఆస్పత్రి. ఇద్దరూ ఎప్పుడో విడిపోయారు. హైదరాబాదులో మాత్రం ఆయన పేరు పండ్లకు, ఆమె పేరు పసిపిల్లలకు అంటిపెట్టుకుని ఉన్నాయి. నీలోఫర్‌ను ఎవరూ ఎన్‌హెచ్ అనరు, గమనించారా? ఏడుస్తున్న పిల్లవాణ్ణి చంకనేసుకుని పోయేవాళ్లకు పేర్లు పొట్టి చేసే తీరిక ఉండదు.

సరే, శనివారం వెళ్లాను. తిట్టుకుంటూనే వెళ్లాను.

బాగుంది. ఒప్పుకోక తప్పదు. పదేళ్ల కిందట ఈ కట్టడం ఎలా ఉండేదో చూసినవాళ్లు నాతో వాదించరు. కమానుల ముందు రేకులు, రేకుల మీద పరదాలు, పరదాల మీద బ్యానర్లు. ఎవరికి తోచిన రంగు వాళ్లు రాతికి పూశారు. రాతికి రంగు వెయ్యాలనే ఆలోచన మనిషికి ఎందుకు పుడుతుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. వాన పడితే పైకప్పు కారేది. 2018లో మరమ్మతు మొదలుపెట్టి 2020 ఆగస్టు 14న మళ్లీ తెరిచారు. రేకులు పోయాయి, రంగులు పోయాయి, రాయి బయటపడింది. ఇలాంటి పనిలో సిమెంటు పూస్తే కొంప మునుగుతుంది. సిమెంటు సున్నం కన్నా మొండిది, లోపలికి పోయిన నీళ్లను బయటికి రానివ్వదు. పాత పద్ధతిలో సున్నం కావాలి. మా ఊళ్లో మా తాత కట్టించిన ఇల్లు డంగు సున్నమే. ఎద్దు గుండ్రంగా తిరుగుతుంటే రాతిచక్రం కింద సున్నం, ఇసుక వెన్నలా నలిగేవట, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసేవారట. ఆ గోడకు మేకు కొడితే మేకు వంగేది. మా బాబాయి ఆ గోడ పగలగొట్టించి సిమెంటు చేయించాడు. మరుసటి వానాకాలానికే చెమ్మ ఎక్కింది. మా బాబాయి సంగతి మళ్లీ వస్తుంది.

అదే 2018 జూలైలో, ఇక్కడికి కూతవేటు దూరంలో, గౌలిగూడ పాత బస్టాండు షెడ్డు ఒక తెల్లవారుజామున దానంతట అదే కుప్పకూలింది. విమానాల షెడ్డని చెప్పుకునే ఆ ఇనుప గుమ్మటం కింద మా తరం పల్లెలన్నీ హైదరాబాదులో దిగాయి. అదృష్టం కొద్దీ లోపల ఎవరూ లేరు. ఒకదానికి సున్నం, ఒకదానికి తుక్కు ధర. ఏది ఎందుకు అని అడిగితే జవాబు చెప్పేవారు లేరు.

మార్కెట్లో నాకు నచ్చనిది ఒకటే, బోర్డులు. అన్నీ ఒకే తీరు. అత్తరు కొట్టుదీ మాంసం కొట్టుదీ ఒకే ఒడ్డూ పొడుగూ. అందంగానే ఉన్నాయి, బడి పిల్లలు యూనిఫాంలో నిలబడ్డట్టు. కానీ హైదరాబాదు బోర్డు అంటే అది కాదయ్యా. ఎనామిల్ రంగు డబ్బాలు పక్కన పెట్టుకుని నిచ్చెన మీద నిలబడి రాసేవాడు ఆర్టిస్టు. ఉర్దూ కుడి నుంచి మొదలుపెట్టేవాడు, తెలుగు ఎడమ నుంచి, రెండూ మధ్యలో ఢీకొట్టుకునే చోట ఇంగ్లిషును ఇరికించేవాడు. ఒకసారి చౌరస్తాలో నిలబడి ఒకాయన 'ళ' రాయడం అరగంట చూశాను. ముందు సుద్దముక్కతో గీత, తర్వాత ఎర్రరంగు, అది ఆరాక కుడి పక్కన నల్లని నీడ, చివర పొట్టలో ఒక తెల్లని మెరుపు, దీపం పడ్డట్టు. ఒక్క మెరుపుతో ఆ అక్షరం బోర్డు మీంచి లేచి నిలబడింది. తలకట్టు మాత్రం మరిచిపోయాడు. చెబుదామనుకున్నాను, నిచ్చెన ఎత్తు చూసి ఊరుకున్నాను. ఆ అచ్చుతప్పులు చదువుకుంటూ అబిడ్స్ నుంచి అఫ్జల్‌గంజ్ దాకా నడిస్తే సినిమా టికెట్ డబ్బులు మిగిలేవి. ఇప్పుడు అక్షరాలను కంప్యూటరు కోస్తుంది. అది తప్పు చేసినా నవ్వు రాదు.

ముంగిట్లో కుర్చీలు వేశారు, గజల్ మొదలైంది. ఈ మధ్య ఇక్కడ ఖవ్వాలీలు, ముషాయిరాలు, దాస్తాన్‌గోయీలు బాగానే జరుగుతున్నాయి. మా మేనల్లుడు ఐస్‌క్రీమ్ తెచ్చాడు, సీతాఫలం. 1951 నుంచి ఉన్న ఫేమస్‌లో తెచ్చాడు. చెక్క పీపాలో ఐసు, ఉప్పు నింపి మధ్యలో గిన్నె తిప్పితే వచ్చే సరుకు అది. మిషన్ ఐస్‌క్రీములా నోట్లో గాలిగా పోదు, ఇసుక పలుకుల్లాగా తగిలి, తర్వాత కరుగుతుంది. గాయకుడు కళ్లు మూసుకున్నాడు. ముందు వరసలో పదిమంది ఫోన్లు తెరిచారు. నేను ఎడమ రెక్కలో మూడో కమాను ఏదా అని వెతుక్కుంటున్నాను.

అక్కడొక పండ్ల కొట్టు ఉండేది.

మా నాయనకూ మా బాబాయికీ ఆరెకరాల ముప్పై గుంటల మీద కేసు. జిల్లా కోర్టు దాటి హైకోర్టుకు వచ్చింది. వాయిదా పడ్డప్పుడల్లా నాయన సూర్యాపేట బస్సెక్కి వచ్చేవాడు. వకీలు "ఇంకో తారీఖు" అనగానే నయాపూల్ దాటి, అఫ్జల్‌గంజ్ మీదుగా, సిద్ధిఅంబర్ బజార్లోంచి నడిచి మొజంజాహికి వచ్చి పండ్లు కొనేవాడు. కేసు పదకొండేళ్లు నడిచింది. మా ఇంట్లో పిల్లలందరికీ న్యాయవ్యవస్థ అంటే అంగూర్ పండ్లు. వాయిదా లేకపోతే మేము దిగులుపడేవాళ్లం.

ఒకసారి చిన్న వెదురు బుట్ట తెచ్చాడు. అడుగున వరిగడ్డి, పైన అనబ్-ఎ-షాహీ గుత్తులు. హైదరాబాదు చుట్టుపక్కల తోటల్లో పండే అనబ్-ఎ-షాహీ అంటే అప్పట్లో బంగారం. పొడుగు గింజ, లేత పసుపు, వెలుతురుకు పట్టి చూస్తే లోపలి విత్తనం కనిపించేది. అమ్మ పై గుత్తులు తీసి దేవుడి ముందు పెట్టింది. కింద చెయ్యి పెట్టగానే పులిసిన వాసన. గింజలు చిట్లి, రసం కారి, చిన్న చిన్న ఈగలు. ఎనిమిది గుత్తుల్లో మూడు బాగున్నాయి. ఆ మూడూ పైవే.

అమ్మ ఆ కొట్టువాణ్ణి తిట్టిన తిట్లు నేనిక్కడ రాయను. నాయన మాత్రం కండువా దులుపుకుని, "పై వరస చూసి కొన్నది నేనే గదా" అన్నాడు. అంతే. మళ్లీ వాయిదాకు వెళ్లి అదే కొట్లో కొన్నాడు!

నాకు తొమ్మిదేళ్లు. ఎండాకాలం సెలవుల్లో నాయనతో పట్నం వచ్చాను, ఆ కొట్టువాణ్ణి నిలదియ్యాలనే వచ్చాను. బస్సులో దారి పొడుగునా మాటలు కూడబెట్టుకున్నాను. వాడు నన్ను చూసి, "మీ కొడుకా పటేలా? జర బక్కగున్నడు" అని ఒక సంత్ర తీసి చేతిలో పెట్టాడు. ఊరికే. నేను ఒలుచుకుని తిన్నాను. తినేశాక ఇంకేం అడుగుతాం? ఆ తొనలు తియ్యగా ఉన్నాయి. పుల్లగా ఉండి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ కమాను కింద ఇప్పుడు ఎవరో ఇంకేదో అమ్ముకుంటున్నారు. పండ్ల మండీ ఇక్కణ్నుంచి 1980ల్లోనే కొత్తపేట పోయింది, అందరూ గడ్డిఅన్నారం మార్కెట్ అనేవాళ్లు. నేనూ ఉద్యోగం వచ్చాక కొత్తపేటలోనే ఇల్లు అద్దెకు తీసుకున్నాను. పండ్ల కోసమని ఎవరితోనూ చెప్పలేదు. ఎండాకాలం తెల్లవారితే లారీల మోత, కుళ్లిన మామిడి వాసన, వరిగడ్డి మేసే ఆవులు. అందరూ విసుక్కునేవారు, నాకు హాయిగా ఉండేది. ఆ స్థలంలో పెద్దాసుపత్రి కట్టాలని కొన్నేళ్ల కిందట మండీని అక్కణ్నుంచీ లేపారు. ఇప్పుడది బాటసింగారంలో ఉంది, హయత్‌నగర్ దాటి, విజయవాడ రోడ్డు మీద. ఒకసారి లెక్క చూసుకోండి. మొజంజాహి, కొత్తపేట, బాటసింగారం. నాయన బుట్ట ఒళ్లో పెట్టుకుని బస్సులో పోయిన దారే అది. మండీ ఒక్కో అడుగే వేసుకుంటూ సూర్యాపేట వైపు నడుస్తోంది. నేను బతికుండగా చౌటుప్పల్ దాటదు గానీ, దాని ఉద్దేశం మాత్రం నాకు తెలుసు.

పోయిన వేసవిలో మేనల్లుణ్ణి నిద్ర లేపి నాలుగ్గంటలకు బాటసింగారం తీసుకుపోయాను. ట్యూబులైట్ల కింద గుట్టలు గుట్టలుగా బంగినపల్లి. హమాలీలు ఒకరినొకరు తోసుకుంటున్నారు, దళారులు పాటలు పాడుతున్నారు. గజల్ కాదు, వేలం పాట. ఒక పెట్టె దగ్గర నిలబడ్డాను. పైన వరుసగా పేర్చిన కాయలు, ఒక్కొక్కటి దువ్వి పెట్టినట్టున్నాయి. నేను వంగి, ఆ వరస మధ్యలోంచి అడుగుదాకా చెయ్యి దూర్చాను. గడ్డి తగిలింది. మోచేతి దాకా పోనిచ్చాను.

"పెద్దాయనా, మొత్తం కుమ్మరించి చూపియ్యాల్నా ఏంది?" అన్నాడు కుర్రవాడు, ఎగతాళిగా.

"కుమ్మరించు" అన్నాను.