ఫ్రిజ్ మీద కాగితం

మావాడు జూన్‌లో ఇంటర్ హాస్టల్‌కి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ నా మీద పెట్టిన బాధ్యత ఒక్కటే, హాల్లో ఉన్న చేపల తొట్టి. రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. యాభై లీటర్ల పైన నీళ్ళు పడతాయి. ఎనిమిది నియాన్ టెట్రాలు, రెండు మోలీలు, వాటికంటే ఎక్కువగా మొక్కలు. మొక్కలే ముఖ్యం అనేవాడు వాడు. ఏం చేయాలో, ఏం చేయకూడదో ఒక కాగితం మీద రాసి, ఫ్రిజ్‌కి అయస్కాంతంతో అతికించి వెళ్ళాడు. దాని సంగతి తర్వాత చెప్తాను.

పొద్దున్న అయిదున్నరకి కాఫీ పెట్టుకునేటప్పుడు తొట్టి లైటు వేసేదాన్ని. రాత్రి పదకొండింటికి మా ఆయన పడుకోబోయే ముందు ఆపేవారు. కాగితంలో ఆరు గంటలని ఉంది. నాకు తెలుసు. కానీ ఆ లైటు వెలుగుతుంటే వాడు హాల్లో కూర్చుని హోంవర్క్ చేసుకుంటున్నట్టే ఉండేది. మీలో పిల్లల్ని హాస్టల్లో వేసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఇక మేత. నేను పొద్దున్న వేసేదాన్ని. "పాపం, నోరు తెరుచుకుని చూస్తున్నాయే" అని మధ్యాహ్నం మా అత్తయ్య వేసేవారు. ఆఫీసు నుంచి రాగానే మా ఆయన ఒక చిటికెడు. ముగ్గురం వేస్తున్నామని ముగ్గురికీ తెలుసు, ఎవరం మానలేదు.

నెల తిరిగేసరికి అద్దం మీద ఆకుపచ్చ చుక్కలు మొదలయ్యాయి. తర్వాత ఆకుల మీద జిగురుగా పొర. అనుబియాస్ అని ఒక మొక్క ఉంది, చాలా నెమ్మదిగా పెరుగుతుంది, దాని ఆకుల అంచులకి నల్లగా గడ్డంలా వచ్చింది. బీఏలో మేం శైవలం అని చదువుకున్నది దీన్నేనా అనిపించింది. కవులు ఆడవాళ్ళ జుట్టుని శైవలంతో పోల్చారు. వాళ్ళెవరూ తొట్టి కడిగి ఉండరు.

పాత ఏటీఎం కార్డుతో అద్దం గీకాను. నాలుగు రోజులకి మళ్ళీ వచ్చింది. దుకాణంలో అడిగితే, "సక్కర్ ఫిష్ వేయండి మేడం, పాచంతా అదే తినేస్తుంది" అన్నాడు. కొనేద్దును గానీ, మా అన్నయ్యకి కైకలూరు దగ్గర చేపల చెరువులున్నాయి. ఫోన్ చేస్తే ఇంతెత్తున లేచాడు. "ఆ దెయ్యం చేపా? మా చెరువుల్లో పడితే వలలు చించేస్తుంది. చిన్నప్పుడు వేలెడే ఉంటుంది, పెరిగితే అడుగు దాటుతుంది. ఎక్కడ పెంచుతావు, బాత్రూం టబ్బులోనా?" అన్నాడు. మేత ఎంత వేస్తున్నావని కూడా అడిగాడు. చెప్పలేదు.

ఇక నా పద్ధతిలోకి దిగాను. శ్రావణ మాసం వస్తోంది, ఇల్లంతా కడుగుతున్నాను, దీన్నీ కడిగేద్దామనుకున్నాను. చేపల్ని బకెట్లోకి తీసి, నీళ్ళు మొత్తం పారబోసి, గులకరాళ్ళు మూడుసార్లు కడిగి, ఫిల్టర్‌లో స్పాంజ్ తీస్తే నల్లగా బురద కారుతుంటే, కుళాయి కింద పెట్టి తెల్లటి నురగ వచ్చేదాకా పిండాను. తొట్టి తళతళలాడింది. మా అత్తయ్య కూడా మెచ్చుకున్నారు, అది అరుదు.

మర్నాడు పొద్దున్న మూడు టెట్రాలు పోయాయి. ఆ మర్నాడు రెండు.

ఆ స్పాంజ్‌లో ఉన్నది మురికి మాత్రమే కాదట. చేపల విసర్జనలోంచి వచ్చే అమ్మోనియాని మార్చే బ్యాక్టీరియా కూడా అందులో ఉంటుంది. కుళాయి నీళ్ళలో క్లోరిన్ దాన్ని చంపేస్తుంది. పైగా కొత్తగా నింపిన నీళ్ళలోనూ ఆ క్లోరినే. ఇదంతా నేనెక్కడ చదివానో తెలుసా? ఫ్రిజ్ మీది కాగితంలోనే. వెనక వైపు. "స్పాంజ్ కుళాయి కింద కడగొద్దు. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండు. నీళ్ళు వారానికి పావు వంతే మార్చు, క్లోరిన్ మందు కలిపాకే పొయ్యి." ఫ్రిజ్‌కి అతికించిన కాగితం వెనక ఏముందో ఎవరు చూస్తారు!

ఆ ఆదివారం వాడి ఫోన్ వచ్చింది. వారానికి పది నిమిషాలిస్తారు. "చేపలెలా ఉన్నాయమ్మా?" అన్నాడు. "బాగున్నాయి నాన్నా" అన్నాను. "నువ్వెలా ఉన్నావు, తింటున్నావా?" అంటే, "బాగున్నానమ్మా" అన్నాడు.

అన్నయ్యకి మాత్రం జరిగిందంతా చెప్పాను. తిట్టలేదు. "మా చెరువుల్లో నీళ్ళు పచ్చబడాలని మేమే పేడ వేస్తాం చెల్లాయ్. ఆ పచ్చదనంలోనే చేపపిల్లలకి తిండి ఉంటుంది. అదే మితిమీరితే, ముసురు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఎండ లేకపోతే నాచు గాలి వదలదు, రాత్రంతా అదే పీల్చేసుకుంటుంది. ఆ రోజుల్లో ముందు మేత ఆపేస్తాం" అన్నాడు. పదో తరగతిలో గరాటు కింద హైడ్రిల్లా పెట్టి బుడగలు చూపించిన సైన్సు టీచరు గుర్తొచ్చారు. అప్పుడు మార్కుల కోసం బొమ్మ వేశాను, అంతే.

ఆ తర్వాత చేసినవి పెద్ద పనులేం కావు. ముందు కొన్నాళ్ళు రోజూ కాసిని నీళ్ళు మందు కలిపి మార్చి, మిగిలిన మూడు టెట్రాలనీ మోలీలనీ దక్కించుకున్నాను. మేత డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను. రోజుకి ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేటంత, వారానికి ఒకరోజు ఉపవాసం. బాల్కనీ ఎండ నేరుగా తొట్టి మీద పడుతోందని అప్పుడే గమనించాను. కర్టెన్ వేశాను. త్వరగా పెరిగే హార్న్‌వర్ట్ రెండు గుప్పెళ్ళు తెచ్చి వదిలాను. నాచు తినే సారాన్ని అది ముందే లాక్కుంటుంది. నిజంగానే వారంలో జానెడు పెరిగింది.

అన్నిటికంటే కష్టమైంది లైటు. ముందు మూడు రోజులు తొట్టిని పూర్తిగా చీకట్లో ఉంచాను. నా పాత నూలు చీర నాలుగు మడతలేసి కప్పేశాను. గాలి మోటారు మాత్రం ఆపలేదు, చచ్చిన నాచు కుళ్ళేటప్పుడు నీళ్ళలో ప్రాణవాయువుని లాగేస్తుంది కాబట్టి. "చేపలకి గ్రహణం పట్టిందా?" అన్నారు మా అత్తయ్య. ఆ మూడు రాత్రులూ హాలు ఎంత బోసిగా ఉందో! చీర తీశాక సగం నీళ్ళు మార్చి, ప్లగ్గుకి టైమరు పెట్టించాను. మధ్యాహ్నం రెండింటికి వెలుగుతుంది, రాత్రి ఎనిమిదింటికి ఠక్కున ఆరిపోతుంది. మొదటి వారం ఎనిమిదయ్యేసరికి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

దసరా సెలవులకి వాడొచ్చాడు. చిక్కిపోయాడు. చెప్పులు కూడా విప్పకుండా తొట్టి ముందు గొంతుకూర్చుని లెక్కపెట్టాడు. నేనే చెప్పేద్దామని బస్సు దిగినప్పటి నుంచీ అనుకుంటున్నాను, నోరు రాలేదు.

"స్పాంజ్ కుళాయి కింద కడిగావు కదా?"

"ఊ."

"ఎప్పుడు?"

"శ్రావణ మాసానికి ముందు."

వేళ్ళ మీద ఏవో వారాలు లెక్కేసుకున్నాడు. ఏమీ అనలేదు. రాత్రి అన్నాలయ్యాక, ఎనిమిదిన్నరకి, హాల్లో లైటు లేని తొట్టి పక్కన కూర్చుని తనే చెప్పాడు. ఆగస్టులోనే వాడి సెక్షన్ మార్చేశారట, కింది సెక్షన్‌కి. పాత స్నేహితులతో కలిసి కూర్చోవడం లేదట. అన్నం సరిగ్గా దిగడం లేదట. "ఫోన్లో చెప్తే నువ్వు ఏడుస్తావని" అన్నాడు.

ఏడవలేదు. వాళ్ళ నాన్నకి ఎలా చెప్పాలో ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. మర్నాడు ఆయనతో వాడే చెప్పాడు. ఆయన ఒక పూటంతా మాట్లాడలేదు. సాయంత్రం వెళ్ళి వాడికిష్టమని కోడిపలావు తెచ్చారు. సెక్షన్ సంగతి ఇప్పటికీ తేలలేదు. కనీసం ఆదివారాలు అసలు మాట మాట్లాడుకుంటున్నాం.

సెలవులు అయ్యేలోపు వాడు అనుబియాస్‌కి నల్లబడ్డ ఆకులు కత్తిరించి పారేశాడు. చెక్కముక్క మీద గడ్డం మాత్రం పోలేదు, ఇంకా ఉంది. "కొత్త చేపలు ఇప్పుడే వద్దు, సంక్రాంతికి చూద్దాం" అన్నాడు. వెళ్ళే రోజు పొద్దున్న ఫ్రిజ్ మీద కొత్త కాగితం కనిపించింది. ఈసారి ఒకవైపే రాశాడు.