దండం వెంట వాయుప్రవాహం

ఫోర్నాక్స్ నక్షత్రమండలంలో, మనకు దాదాపు 4.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, ఎన్‌జీసీ 1097 అనే గెలాక్సీ ఉంది. 1790లో విలియం హెర్షెల్ కంటబడింది. రెండు సర్పిల భుజాలు, వాటి నడుమ నక్షత్రాలు కిక్కిరిసిన పొడవాటి దండం. ఇక్కడ పారేది చల్లటి హైడ్రోజన్, దానితోపాటు కాస్త ధూళి.

భుజాల్లో ఈ ప్రవాహానికి తొందర లేదు. కేంద్రం చుట్టూ తిరుగుతూ, దారిలో అక్కడక్కడా నక్షత్రాలను కంటూ సాగుతుంది. దండం కొస చేరాక నడక మారుతుంది.

దండం తన గురుత్వంతో లాగే తీరు అన్ని దిక్కులా ఒకటి కాదు. అందుకే దానిలోని కక్ష్యలు సాగిపోయి ఉంటాయి. నక్షత్రాలు ఒకదాన్నొకటి తాకకుండా దాటిపోగలవు. వాయువుకు ఆ వెసులుబాటు లేదు. పాయకు పాయ అడ్డొస్తే ఢీకొనాల్సిందే. ఆ ఘాతంలో కోణీయ ద్రవ్యవేగం పోగొట్టుకుని వాయువు లోపలికి జారుతుంది. దండం తిరిగే దిక్కున ముందంచు వెంబడి కనిపించే నల్లటి ధూళి చారలు ఈ ఘాతరేఖలేనని 1992లో లియా అథనసూలా కంప్యూటర్ నమూనాలతో చూపింది.

ఈ గెలాక్సీ ఫొటో చూసినవాళ్ల కన్ను కేంద్రం చుట్టూ ఉన్న వెలుగు వలయం మీదికే పోతుంది. నాకు మాత్రం ఈ చీకటి చారలే ఎక్కువ ఆసక్తి. వాయువు ఇంత చిక్కగా ఉన్నా ఇక్కడ పుట్టే నక్షత్రాలు తక్కువ. పక్కపక్కనే పారే పాయల వేగాల్లో తేడా ఎక్కువ కావడంతో, మేఘం ముద్దకట్టే లోపే చీలికలవుతుంది. వడిగా పారే కాలువలో నారు నిలవదు కదా!

కేంద్రం దగ్గరికొచ్చేసరికి కక్ష్యలు మళ్లీ గుండ్రమవుతాయి. వాయువు అక్కడ ఆగి, సుమారు 5,000 కాంతి సంవత్సరాల వెడల్పున వలయం కడుతుంది. నక్షత్రాల కాన్పులు జోరుగా సాగేది ఇక్కడే. చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్‌తో 2005లో చూస్తే, 300కు పైగా నక్షత్ర జనన ప్రాంతాలు లెక్కకొచ్చాయి. వలయం నుంచి సన్నటి పాయలు మెలికలు తిరుగుతూ ఇంకా లోపలికి దిగుతున్నాయి. నడిబొడ్డున కృష్ణబిలం, దాని బరువు 14 కోట్ల సూర్యుళ్లంతని 2015లో ఆల్మా రేడియో టెలిస్కోప్ పరిశీలనల్లో తేలింది.

మన పాలపుంతకూ దండం ఉంది. దాని వెంట వాయువు కేంద్రానికి చేరుతూనే ఉంది. అక్కడ పోగైన వాయువు కోట్ల సూర్యుళ్లంత. పుట్టే నక్షత్రాల మొత్తం మాత్రం ఏడాదికి సూర్యుడిలో పదోవంతు. వాయువును చూసి వేసే అంచనాకు ఇది చాలా తక్కువ. ఎందుకన్నదాని మీద ఖగోళవేత్తల వాదన ఇంకా తెగలేదు.